దుబాసీ బ్యాడ్జి

మా వీధిలో ఒక అమ్మాయికి ఈమధ్య ప్రైవేటు స్కూల్లో టీచరుగా ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మీరు అన్నేళ్ళు పనిచేశారు కదా, నాకేమన్నా సలహా ఇవ్వండి" అంది. పిల్లల అల్లరి ఎలా అదుపులో పెట్టాలో, పేపర్లు తొందరగా ఎలా దిద్దాలో చెప్తాననుకుని ఉంటుంది పాపం. నేను ఒక పాత సంగతి ఎత్తుకుని తిట్ల దండకం మొదలుపెట్టాను. చేతిలో లడ్డూ అలాగే పట్టుకుని, బిక్కమొహం వేసుకుని విన్నది. ఆ తిట్లనే కాస్త వరసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా బడి ఉద్యోగాల్లోకి వచ్చిన మీరంతా వినాలి. వినబుద్ధి కాకపోయినా వినాలి.

నేను సికింద్రాబాద్‌లో ఒక ఇంగ్లిష్ మీడియం స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లిష్ మీడియం స్కూల్లో తెలుగు టీచరంటే పెళ్ళి భోజనాల్లో మంచినీళ్ళు పోసే మనిషి లాంటిది. లేకపోతే కుదరదు, ఉన్నా ఎవరూ మొహం చూడరు. నా పేరు కూడా అక్కడ ఎవరికీ గుర్తుండేది కాదు. ప్రిన్సిపాల్ నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ 'తెలుగు మేడమ్'నే. దానికి నాకేమీ బాధ లేదు.

మాది కోస్తా. మా నాన్న రైల్వేలో గుమాస్తాగా ఇక్కడికి వస్తే, నేను మెట్టుగూడ క్వార్టర్లలో పెరిగాను. కుడిపక్క ఇంట్లో తమిళం, ఎడమపక్క మరాఠీ, పాలాయనతో ఉర్దూ, ఇంట్లో బైబిలు చదివేటప్పుడు ఒక తెలుగు, తిట్టుకునేటప్పుడు ఇంకో తెలుగు. మా చర్చిలో ఆదివారం పొద్దున తెలుగు ఆరాధన, అది అయ్యాక అవే బెంచీల మీద తమిళం, సాయంత్రం ఇంగ్లిష్. దేవుడికి లేని ఇబ్బంది మా స్కూలు కరస్పాండెంట్ గారికి వచ్చింది. అసలు సంగతి అక్కడ మొదలవుతుంది.

కరోనా తగ్గి బడులు తెరిచాక, డబ్బున్న తండ్రి ఒకాయన మా కరస్పాండెంట్ గారి దగ్గర కూర్చుని, "మీ క్యాంపస్‌లో అడుగుపెడితే తెలుగూ హిందీ వినిపిస్తున్నాయండీ. దీనికేనా మేము ఫీజు కట్టేది?" అన్నాడట. మర్నాటికల్లా రూలు పుట్టింది. గేటు లోపల ఇంగ్లిష్ తప్ప ఇంకే భాషా వినపడకూడదు. పిల్లలకే కాదు, టీచర్లకీ, తల్లిదండ్రులకీ, చివరికి ఆయాలకీ. ఆయాలకు ఇంగ్లిష్ రాదు కదా అని ఎవరో అడిగితే, "అయితే మాట్లాడొద్దు" అన్నారు. చంటిపిల్లల ముక్కులు తుడిచి, చెప్పులు తొడిగి, ఏడిస్తే ఎత్తుకునే ఆడవాళ్ళు ఆ రోజు నుంచి మూగవాళ్ళయిపోయారు. నేనొక్కదాన్నే నా పీరియడ్‌లో, తలుపు వేసుకుని, తెలుగు మాట్లాడడానికి అనుమతి ఉన్న మనిషిని.

మా స్కూలుకు వచ్చే కుటుంబాలు ఎలాంటివో మీకు తెలియాలి. రైల్వే బదిలీల మీద వచ్చిన తమిళులు, ఒడియావాళ్ళు. చిలకలగూడలో దుకాణాలు పెట్టుకున్న మార్వాడీలు. ఉర్దూ మాట్లాడే మెకానిక్కులు. పాలిష్ పనికి, చెక్కపనికి బీహార్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. తమకు రాని ఇంగ్లిష్ తమ పిల్లలకు రావాలన్న ఆశతోనే వాళ్ళంతా మా గేటు ముందు నిలబడ్డారు. వాళ్ళకు ఇంగ్లిష్ రాదని మాకు అడ్మిషన్ నాడే తెలుసు. తెలిసీ, పేరెంట్స్ మీటింగుకి వస్తే ఇంగ్లిష్‌లోనే మాట్లాడతామన్నాం. సిగ్గు లేదూ?

మరి పని ఎలా జరగాలి? మా కోఆర్డినేటర్ సార్ ఒక ఉపాయం కనిపెట్టారు. పిల్లల్నే పిలిచి మధ్యలో నిలబెట్టండి, టీచరు ఇంగ్లిష్‌లో చెప్తే వాళ్ళే అమ్మానాన్నలకు వాళ్ళ భాషలో చెప్తారు అన్నారు. దానికో పచ్చరంగు బ్యాడ్జి కూడా చేయించారు. 'లాంగ్వేజ్ లీడర్' అని దాని మీద రాయించారు. పాత తెలుగులో దీన్ని దుబాసీ పని అంటారు. అప్పటి దుబాసీలు కనీసం పెద్దవాళ్ళు, తమ ఇష్టంతో ఆ పనికి దిగినవాళ్ళు. వీళ్ళు పాలపళ్ళు ఊడుతున్న పిల్లలు.

మొదట్లో అందరికీ ముచ్చటగానే ఉండేది. మా పిల్ల ఎంత గడగడా మాట్లాడుతుందో అని తల్లులు మురిసిపోయేవారు. ఒకసారి లెక్కల సార్ ఒక తమిళబ్బాయి తండ్రిని పిలిచి, "మీ వాడు పరీక్షలో కాపీ కొట్టాడు, ఇంకోసారి కొడితే సస్పెండ్ చేస్తాం" అని ఇంగ్లిష్‌లో మందలించాడు. ఆ గడుగ్గాయి తండ్రి వైపు తిరిగి, "లెక్కల్లో నేను బాగా పైకొస్తున్నానట. సార్‌కి దణ్ణం పెట్టు నాన్నా" అని తమిళంలో చెప్పాడు. ఆయన వంగి దణ్ణం పెట్టాడు. లెక్కల సార్ స్టాఫ్‌రూముకి వచ్చి, "ఎంత మర్యాదస్తుడండీ! కొడుకు కాపీ కొట్టాడంటే చేతులెత్తి మొక్కాడు" అని మెచ్చుకుంటుంటే, మీటింగులో పక్క కుర్చీలోంచి ఆ తమిళమంతా విన్న నేను నవ్వలేక చచ్చాను. అసలు సంగతి చెప్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. సార్ కూడా నవ్వాడు.

తర్వాత వచ్చింది నవ్వే విషయం కాదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి. క్లాసులో ధ్యాస ఉండటం లేదని, మగపిల్లలతో ఎక్కువ మాట్లాడుతోందని టీచరుకు అనుమానం. ఆ మాటను ఆ పిల్ల చేతే ఆమె తండ్రికి చెప్పించారు. తన మీద తానే చాడీ చెప్పుకోవాలన్నమాట. ఎదురుగా తండ్రి. ఆ పిల్ల తల దించుకుని ఒక్కో మాటా అప్పజెప్పింది. తర్వాత చాలా రోజులు బడికి రాలేదు. వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు.

నేను స్టాఫ్ మీటింగులో లేచి, ఇది చాలా తప్పు, ఈ పని ఆపండి అన్నాను. కోఆర్డినేటర్ సార్ చిరునవ్వు నవ్వి, "ఇట్ బిల్డ్స్ కాన్ఫిడెన్స్, మేడమ్" అన్నారు. నా పక్కన కూర్చున్నావిడ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. రిటైరయ్యే ముందు ఎందుకండీ మీకీ గొడవ అంది.

ఇక అసలు కుటుంబం. తండ్రి చెక్కపని చేస్తాడు, ఇళ్ళల్లో అలమరాలు బిగిస్తాడు. తల్లి ఇంట్లో మిషను పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. బీహార్‌వాళ్ళు, మెట్టుగూడలో ఒకే గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది ఏడో తరగతి, నా తెలుగు క్లాసు. ఇంట్లో భోజ్‌పురీ, హిందీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. నాలుగింటిలోనూ తడుముకోదు. తెలుగు మాతృభాష అయిన పిల్లలు వాక్యం రాయలేక నీళ్ళు నములుతుంటే, ఈ పిల్ల వ్యాసం రాసి నా బల్ల మీద పెట్టి, తప్పులుంటే చెప్పండి మేడమ్ అని నిలబడేది. అలాంటి పిల్లకు బ్యాడ్జి రాకుండా ఉంటుందా? వచ్చింది. మొదట్లో దాన్ని రోజూ తుడుచుకుని పెట్టుకునేది.

చిన్నది ఆ ఏడే ఒకటో తరగతిలో చేరింది. చేరిన నాటి నుంచి బడిలో నోరు విప్పలేదు. టీచరు పలకరిస్తే నేల చూపులు. పిల్లలు పిలిస్తే బెంచీ కిందకి. బాత్రూముకు వెళ్ళాలంటే ఇంగ్లిష్‌లో అడగాలి కదా, అడగలేక ఒకరోజు బట్టలు తడుపుకుంది. ఆయా తీసుకెళ్ళి గౌను మార్చింది. ఆమె కూడా నోరు విప్పకూడదు గనక, ఏడుస్తున్న పిల్లకు ఏం కాలేదు తల్లీ అని ఒక్క మాట చెప్పే దిక్కు లేదు. ఆ రోజు ఆయా నా దగ్గరికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"గేటు దాటితే గా పిల్ల నోరు ఆగదు మేడమ్. మా మనుమరాలితోని తెలుగుల లడాయి చేస్తది. ఐస్‌క్రీమ్ బండాయనతోని హిందీల బేరం చేస్తది. లోపలికొస్తే తాళం ఏసినట్టే. ఏందీ తమాషా? జెర మీరన్న చెప్పున్రి పెద్దమేడమ్‌కు."

చెప్పాను. మా పెద్దమేడమ్, అంటే ప్రిన్సిపాల్, చెడ్డమనిషి అని నేననను. ఆవిడా మావైపు మనిషే, చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేసి కాప్రాలో స్థిరపడింది. పొద్దున్నే గేటు బయట నిలబడి వ్యాను డ్రైవర్లను హిందీలో చెడామడా దులిపేసేది. రాత్రి చూసిన హిందీ సీరియల్ కథ మర్నాడు గేటు బయటే నాకు పూసగుచ్చినట్టు చెప్పేది. కూరగాయల బండి ఆగితే కొసరు కొత్తిమీర దాకా హిందీలోనే వసూలు చేసేది. గేటు లోపల కాలు పెట్టగానే ఆ హిందీ అంతా ఎక్కడికి పోయేదో. మూలమూలనా కెమెరాలు మరి, మేమేం మాట్లాడినా కరస్పాండెంట్ గారు తన గదిలో కూర్చుని వినేవారు.

చిన్నపిల్ల సంగతి నేను చెప్తే ఆవిడ ఇంగ్లిష్‌లోనే, "చూద్దాం తెలుగు మేడమ్" అంది. చూసింది ఏమిటంటే, అప్పుడప్పుడూ వచ్చే ఒక కౌన్సెలర్‌ని పిలిపించారు. ఆవిడ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మలు చూపించి ఇంగ్లిష్‌లో ప్రశ్నలడిగింది. పిల్ల నోరు విప్పలేదు. పిల్లకు మాటలు రావు, ఎదుగుదలలో లోపం ఉంది, ఈ స్కూలుకు తగదు అని తేల్చి, టీ తాగి వెళ్ళిపోయింది. గేటు దాకా వెళ్ళి ఐస్‌క్రీమ్ బండి పక్కన కాసేపు నిలబడి ఉంటే తెలిసేది. కానీ కౌన్సెలర్లు ఐస్‌క్రీమ్ బండ్ల పక్కన నిలబడరు.

ఆ శనివారం పేరెంట్స్ మీటింగు. నేను ఏడో తరగతిలో ఉన్నాను. ప్రిన్సిపాల్ రూముకి 'లాంగ్వేజ్ లీడర్'ని పంపమని కబురు వచ్చింది. పెద్దపిల్ల లేచింది. ఎవరి కోసమని ప్యూన్‌ని అడిగితే, "గామె మదరే వచ్చింది మేడమ్, చిన్నపాప టీసీ గురించి" అన్నాడు. చెల్లెల్ని బడిలోంచి తీసేస్తున్నామన్న మాటను అక్క చేత తల్లికి చెప్పిస్తారా? పిల్లల్ని పుస్తకం తెరిచి చదువుకోమని చెప్పి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నేనూ వెళ్ళాను. పిలవని పేరంటమే. వెళ్ళాను.

గదిలో ప్రిన్సిపాల్, ఒకటో తరగతి టీచరు, కుర్చీ అంచున తల్లి, తల్లి ఒళ్ళో చిన్నది. ఒకటో తరగతి టీచరుది చిన్న వయసు, మంచి మనసు. ఆర్నెల్లుగా ఆ పిల్ల నోట ఒక్క మాట వినాలని చాక్లెట్లు కొనిచ్చి, బొమ్మలు తెచ్చి, నానా తంటాలు పడింది. ఆ రోజు కళ్ళెత్తి ఎవరినీ చూడటం లేదు. ఆమెకు హిందీ వచ్చు, హాస్టల్లో హిందీవాళ్ళతో చదువుకుంది. నాకు వచ్చు. ప్రిన్సిపాల్‌కి మా ఇద్దరికంటే బాగా వచ్చు. ఆ గదిలో హిందీ రాని మనిషి లేదు. అందరికీ అర్థమయ్యే భాష పట్టుకుని ఒక తల్లి ఎదురుగా కూర్చుంటే, మధ్యలో ఒక పిల్లను తెచ్చి నిలబెట్టాం. ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఒళ్ళు మండుతోంది.

ప్రిన్సిపాల్ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టింది. "మీ అమ్మకు చెప్పు. నీ చెల్లెలు నార్మల్‌గా లేదు. మా స్కూలు ఇలాంటి పిల్లల కోసం కాదు. నెలాఖరులోగా టీసీ తీసుకోవాలి. డాక్టరుకు చూపించమని చెప్పు. క్లియర్‌గా చెప్పు."

పెద్దపిల్ల బ్యాడ్జి మీద చెయ్యి పెట్టుకుని, ప్రిన్సిపాల్ మొహంలోకి, చెల్లెలి మొహంలోకి మార్చి మార్చి చూసింది. తల్లి ఆత్రంగా, ఏమంటున్నారు అని అడిగింది. అప్పుడా పిల్ల తల్లి వైపు తిరిగి, చక్కటి హిందీలో, తొణక్కుండా చెప్పింది.

"మమ్మీ, చిన్నది బడిలో మాట్లాడటం లేదట. మేడమ్‌కి దాని మీద చాలా బెంగగా ఉంది. తప్పు దానిది కాదంటున్నారు. ఇంటి భాష మాట్లాడనివ్వకపోతే పసిపిల్లకు భయం వేయదా అంటున్నారు. సోమవారం నుంచి క్లాసులో హిందీ మాట్లాడినా, తెలుగు మాట్లాడినా ఎవరూ ఏమీ అనరట. ఇంగ్లిష్ మెల్లిగా అదే వస్తుందట. నువ్వేమీ దిగులు పడొద్దని చెప్పమన్నారు."

నా చెవులను నేను నమ్మలేకపోయాను. ఒకటో తరగతి టీచరు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ప్రిన్సిపాల్ మొహం చూడాలి మీరు! ప్రతి మాటా అర్థమైంది ఆవిడకు. నేను అలా అనలేదు అని అరవాలి. అరిస్తే హిందీ వచ్చని ఒప్పుకోవాలి. పైన కెమెరా. ఎర్రగా కందిపోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసింది.

తల్లి మాత్రం లేచి నిలబడింది. పిల్లను చంకనేసుకుని, రెండో చెయ్యి ఎత్తి ప్రిన్సిపాల్‌కి దణ్ణం పెట్టింది. మీలాంటి వాళ్ళుండబట్టే మా పిల్లలు చదువుకుంటున్నారు, మీ పిల్లలు చల్లగా ఉండాలి అని ఏదేదో అంటోంది. కళ్ళ నిండా నీళ్ళు. నేను ఆ మొహం చూడలేకపోయాను.

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగింది. "ఆ అమ్మాయి కరెక్ట్‌గా ట్రాన్స్‌లేట్ చేసిందా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. నాకు తెలుసని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని నాకు తెలుసు. పెద్దపిల్ల నన్ను చూస్తోంది.

"పర్ఫెక్ట్‌గా చేసింది, మేడమ్" అన్నాను.

జీవితంలో నేను మాట్లాడిన ఇంగ్లిష్ అంతట్లోకీ నాకు నచ్చిన ముక్క అదే. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! సోమవారం నుంచి చిన్నది క్లాసులో హిందీ మాట్లాడేది, ప్రిన్సిపాల్ చూసీ చూడనట్టు ఊరుకునేది, ఆరు నెలల్లో అందరం మర్చిపోయేవాళ్ళం. కానీ పరువు పోతోందనిపిస్తే ఆవిడ ఆగే మనిషి కాదు. బల్ల మీద అరచేత్తో కొట్టి, వ్యాను డ్రైవర్ల మీద వాడే హిందీ బయటికి తీసింది.

"ఝూట్ బోల్ రహీ హై ఆప్‌కీ బేటీ! మీ అమ్మాయి పచ్చి అబద్ధాలు చెప్తోంది. చిన్నపిల్లను తీసుకెళ్ళిపొమ్మన్నాను నేను. టీసీ తీసుకోమన్నాను. అర్థమైందా?"

ఒక్క తప్పు లేదు ఆ హిందీలో. తల్లి ఎత్తిన చెయ్యి మెల్లగా దించింది. బడిలోంచి తీసేస్తున్నారన్న మాటకు ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆ మాటే ఎత్తలేదు. ప్రిన్సిపాల్‌ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"మీకు హిందీ వచ్చా మేడమ్?" అంది. "మరి ఇదంతా నా బిడ్డ నోటితో ఎందుకు చెప్పించారు?"

అంతలో తల్లి మెడను కావిలించుకుని ఉన్న చిన్నది, తల ఎత్తి, అందరికీ వినపడేలా, "మమ్మీ, ఘర్ చలో" అంది. అమ్మా, ఇంటికి పోదాం పద. మా స్కూల్లో ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. మాటలు రావని రాయించుకున్న పిల్ల.

అప్పుడు ఒకటో తరగతి టీచరు, ఆ ఒక్క మాట కోసం ఆర్నెల్లు తపించిన టీచరు, చటుక్కున, "ఇన్ ఇంగ్లిష్, డియర్" అంది. అనాలని అనలేదు. రోజుకు ఎన్నిసార్లు అంటామో ఆ మాట, దానంతటదే నోటికొచ్చేసింది. అన్న మరుక్షణం రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చేసింది. చిన్నది మొహం తల్లి భుజంలో దాచేసుకుంది. మళ్ళీ పలకలేదు. ఇలాంటి మంచి టీచర్లను కూడా మా బడి ఏం చేసి పెట్టిందో ఆ క్షణాన నాకు కనిపించింది.

తల్లి పెద్దపిల్లను దగ్గరికి తీసుకుంది. దాని జేబు మీద నుంచి బ్యాడ్జి విప్పి బల్ల మీద, ప్రిన్సిపాల్ ముందు పెట్టింది.

"ఇది మీరే పెట్టుకోండి మేడమ్. రెండు భాషలూ మీకే బాగా వచ్చు."

వెటకారం లేదు ఆ గొంతులో. దారిలో ఎవరిదో వస్తువు దొరికితే వాళ్ళకు తిరిగి ఇచ్చినట్టు చెప్పింది. నేను వెనకాలే పరిగెత్తి వరండాలో ఆపాను. పెద్దదాన్నైనా ఉంచమ్మా, ఈ పిల్ల చాలా పైకొస్తుంది అని నా వచ్చీరాని హిందీలో బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ ఉంటే ఇది రోజూ ఎవరి కబురో మోస్తూనే ఉండాలి మేడమ్" అంది. సోమవారం తండ్రి వచ్చి ఇద్దరి టీసీలూ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి తలుపు వేసి, నా మనసులో ఉన్నదంతా తెలుగులో కక్కేశాను. ఇక్కడ రాయలేను, బాగుండదు. రిటైర్మెంటు దగ్గర్లో ఉంది గనకే నీకంత ధైర్యం అని మీరంటే కాదనను. ఆవిడ అంతా విని, నీరసంగా, "రూలు నాది కాదండీ. కరస్పాండెంట్ సార్‌ది. నేను మాత్రం ఏం చేస్తాను, చెప్పండి" అంది. తెలుగులోనే అంది. రూలు వచ్చాక గేటు లోపల ఆవిడ తెలుగు వినడం నాకు అదే మొదటిసారి.

ఆ సంఘటన నుంచి యాజమాన్యం పాఠం నేర్చుకోకపోలేదు. పదిహేను రోజులు తిరక్కుండానే సర్క్యులర్ వచ్చింది. ఇకపై తల్లిదండ్రులకు సొంత పిల్లలు అనువాదం చేయరాదు, వేరే కుటుంబం పిల్లల చేత చేయించాలి అని. చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీ ఇంటి పిల్ల గుట్టు పక్కింటి పిల్ల నోటితో చెప్పిస్తారట! అబద్ధం చెప్పకుండా ఉండేందుకట! పచ్చ బ్యాడ్జి తీసేసి నీలం బ్యాడ్జి ఇచ్చారు. నేను రిటైరయ్యేనాటికి ఆ నీలం బ్యాడ్జీలు ఇంకా పిల్లల జేబుల మీదే ఉన్నాయి.

రిటైరయ్యాక చాలా రోజులకు, మెట్టుగూడలో ఆ తల్లి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. చీరకు ఫాల్ కుట్టించాలన్నది వంక. గుమ్మంలో చిన్నది ఇంకో పిల్లతో, "ఏయ్, నా దాంట్ల ఎందుకు కాలు పెట్టినవ్?" అని తొక్కుడుబిళ్ళ దగ్గర గొంతు చించుకుని పోట్లాడుతోంది. లోపల తల్లి మిషను తొక్కుతోంది. పెద్దది మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఇద్దరూ దగ్గర్లోని సర్కారు బడిలో చేరారు. పెద్దది నన్ను చూసి లేచి నిలబడింది, నవ్వింది, కానీ మునుపటిలా గలగలా మాట్లాడలేదు. మంచి ల్యాబూ, లైబ్రరీ ఉన్న బడిని ఆ పిల్ల పోగొట్టుకుంది. అంతా మన మంచికే జరిగింది అని నేను మీకు చెప్పను. అది మా పాపమే.

చీర తీసి పెట్టి, అలవాటు కొద్దీ పెద్దదాని వైపు తిరిగి, "ఆదివారానికి కావాలి, కుదురుతుందేమో మీ అమ్మని అడగమ్మా" అన్నాను.

ఆ పిల్ల పుస్తకం లోంచి తల ఎత్తి, మర్యాదగానే, "అమ్మ ఇక్కడే ఉంది కదా మేడమ్" అంది.

నా చెంప చెళ్ళుమన్నట్టయింది. ఆ రూలును అంత తిట్టిన నేను! తల్లి వైపు తిరిగి నా హిందీలో అడిగాను. ఆమె మిషను ఆపి, నవ్వి, తెలుగులో జవాబిచ్చింది. చీరలు తెచ్చే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుందట. ఆదివారం ఏంది, శనివారమే ఇస్తా అంది. టీ పెట్టింది. కొత్త బడి ఎలా ఉందని అడిగాను. అక్కడి సార్ ఈ చుట్టుపక్కల మనిషి కాదట, ఏదో పల్లెటూరి నుంచి రోజూ రైల్లో వస్తాడట.

"గా సార్‌కు హిందీ సక్కగ రాదు మేడమ్," అంది. "అన్ని తప్పులే మాట్లాడ్తడు, నాకు నవ్వొస్తది. నా తెలుగుకు ఆయన సుత నవ్వుతడు. గానీ నా బిడ్డల సంగతి నాతోనే మాట్లాడ్తడు."